మొదట పరీక్షకు నిలిచినవారు: కృష్ణా డెల్టాలో సిఫిలిస్ పేర్లు, నిందలు, చికిత్సలు

ప్రస్తావన

సిఫిలిస్‌కు తెలుగులో పేర్లు అనేకం. వాడుకలో కొరుకు అన్నారు, సవాయి అన్నారు. సంస్కృత వైద్యగ్రంథాల ద్వారా ఫిరంగరోగం అనే మాట వచ్చింది. యునానీ హకీములు, నిప్పు అనే అర్థమున్న పారసీక పదం ఆధారంగా, ఆతషక్ అన్నారు. ఆధునిక కాలంలో ఆస్పత్రి భాషలో సుఖవ్యాధి, గోడమీది ప్రకటనల్లో గుప్తరోగం అనే మాటలు స్థిరపడ్డాయి. ఇటీవలి ప్రభుత్వ పత్రాలు లైంగిక సంక్రమణ వ్యాధి అంటున్నాయి.

ఈ పేర్లలో కొన్ని పుండు తీరును చెబుతాయి. కొరుకు అనే మాట కండను తినివేసే పుండును స్ఫురింపజేస్తుంది. మిగిలిన వాటిలో చాలా వరకు రోగాన్ని కాక రోగిని చూపిస్తాయి. ఫిరంగరోగం అంటే పరదేశివల్ల వచ్చినది. సుఖవ్యాధి అంటే సుఖం కోరినవాడికి వచ్చినది. గుప్తరోగం అంటే దాచుకోవలసినది. దేనివల్ల వచ్చింది అన్న ప్రశ్నకు 1905లో సమాధానం దొరికినా, ఎవరివల్ల వచ్చింది అన్న ప్రశ్నను సమాజం వదులుకోలేదు.

బందరు రేవు నుంచి బెజవాడ మీదుగా ఇబ్రహీంపట్నం కూడలి దాకా ఉన్న కృష్ణాతీరాన్ని ఆధారం చేసుకుని ఈ రెండు ప్రశ్నల మధ్య నడిచిన చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఏ కాలంలో ఎవరిని మొదట పరీక్షకు నిలబెట్టారో, ఆ కాలంలో వారే రోగానికి మూలంగా ముద్రపడ్డారన్నది ఇందులోని ప్రతిపాదన.

పరదేశి పేరు మోసిన రోగం

ఐరోపాలో సిఫిలిస్ మహమ్మారిగా కనిపించినది 1495 ప్రాంతంలో, ఫ్రెంచి రాజు ఎనిమిదవ చార్లెస్ సేనలు నేపుల్స్ నగరంలో ఉన్న రోజుల్లో. ఇటలీ, జర్మనీ, ఇంగ్లండు ప్రజలు దాన్ని ఫ్రెంచి రోగం అన్నారు. ఫ్రెంచివారు నేపుల్స్ రోగం అన్నారు. రష్యన్లు పోలండు రోగం అన్నారు. ప్రతి జాతీ తన పొరుగుజాతి పేరును రోగానికి తగిలించింది. నేడు శాస్త్రలోకం వాడుతున్న సిఫిలిస్ అనే పేరు మాత్రం ఒక కావ్యం నుంచి వచ్చింది. వెరోనా వైద్యుడు, కవి ఫ్రాకాస్టోరో 1530లో ప్రచురించిన లాటిన్ కావ్యంలో సూర్యదేవుని కోపానికి గురైన పశువుల కాపరి పేరు సిఫిలస్. ఆ పేరులోనూ దైవాన్ని ధిక్కరించినవాడికి శిక్ష అన్న భావమే ఉంది.

వాస్కో డ గామా 1498లో మలబారు తీరానికి చేరాడు. 16వ శతాబ్దికి చెందినదిగా భావించే భావమిశ్రుని భావప్రకాశం ఈ వ్యాధిని ఫిరంగరోగం పేరుతో ప్రత్యేకంగా వర్ణించింది. ఫిరంగదేశపు స్త్రీపురుషుల సంపర్కంతో వస్తుందని చెప్పి, బాహ్యం, ఆభ్యంతరం, ఉభయం అని మూడు విధాలుగా విభజించింది. సంపర్కంతో సంక్రమిస్తుందన్న గుర్తింపు, పైకి కనిపించే దశకూ లోపల దాగే దశకూ భేదం చూపడం ఈ వర్ణనలో గమనించదగిన అంశాలు. చికిత్సగా చెప్పిన వాటిలో ముఖ్యమైనవి రెండు: పాదరసంతో చేసే రసకర్పూరం, తెలుగువారు పరంగిచెక్క అని పిలిచే చోబ్‌చీనీ. రసకర్పూరాన్ని గోధుమపిండి ముద్దలో పెట్టి పళ్ళకు తగలకుండా మింగాలన్న నియమం పాదరసపు కీడు ఆనాటి వైద్యులకు తెలుసునని చెబుతుంది. ఐరోపాలోనూ అదే పాదరసం, అవే కష్టాలు: నోరు పూసేది, చొల్లు కారేది, పళ్ళు కదిలేవి.

తెలుగులో ఫిరంగి అనే మాట తుపాకిమందుతో పేలే పెద్ద ఆయుధానికి స్థిరపడింది. పరంగి అనే రూపం తెల్లజాతివారికీ, ఒక మూలికకూ మిగిలింది. సముద్రం దాటి వచ్చిన మనిషి, ఆయుధం, రోగం, మందు ఒకే పేరు కింద చేరడం ఆనాటి అనుభవానికి సాక్ష్యం. 17వ శతాబ్ది మొదటి దశకంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తక స్థావరాలు పెట్టారు. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట అనే పేటలు నేటికీ ఆ జ్ఞాపకాన్ని మోస్తున్నాయి. రేవుకు సరుకుతో పాటు నావికులూ, సైనికులూ వస్తారు. రేవుపట్టణంలో రోగానికి పరదేశి పేరు పెట్టడం సులువు. అయితే వచ్చినవాడు వెళ్ళిపోయినా రోగం నిలిచింది. అప్పుడు నింద మోయడానికి ఊళ్ళోనే ఎవరో ఒకరు కావలసివచ్చారు.

స్త్రీపై మోపిన రోగం

ఆ నింద 19వ శతాబ్దిలో చట్టరూపం దాల్చింది. ఆంగ్ల సైనికులలో సుఖవ్యాధులు పెరిగినప్పుడు ప్రభుత్వం కంటోన్మెంట్లలో లాక్ హాస్పిటల్స్ అనే ప్రత్యేక వైద్యశాలలు నడిపింది. మద్రాసు రాజధానిలో వీటి ఆరంభం 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలోనే జరిగింది. సికింద్రాబాదు, బళ్ళారి వంటి దండు పట్టణాలు ఈ వ్యవస్థలోకి వచ్చాయి. 1868లో వచ్చిన భారత అంటువ్యాధుల చట్టం వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలు పేర్లు నమోదు చేయించుకుని నియమిత కాలంలో శరీరపరీక్షకు హాజరు కావాలని నిర్బంధించింది. వ్యాధి ఉన్నట్లు తేలితే వైద్యశాలలో నిర్బంధించేవారు. వారి దగ్గరకు వెళ్ళే పురుషుడికి ఆ చట్టంలో పరీక్ష లేదు.

ఈ ఏర్పాటు నైతికంగానే కాదు, వైద్యపరంగా కూడా విఫలమయింది. రోగం ఇద్దరి మధ్య ప్రయాణించేది. ఒకరినే నిర్బంధిస్తే రెండో వ్యక్తి దాన్ని మరొకరికి చేరవేస్తాడు. ఇంగ్లండులో జోసెఫిన్ బట్లర్ వంటివారి ఆందోళన ఫలితంగా అక్కడి చట్టాలు 1886లో, భారతదేశపు చట్టం 1888లో రద్దయ్యాయి. 1895 నాటికి భారతదేశంలోని ఆంగ్ల సైనికులలో సుఖవ్యాధుల కారణంగా ఆస్పత్రిలో చేరికలు వెయ్యిమందికి 500 దాటాయి. సైన్యాధికారులు ఈ అంకెను చట్టం రద్దు చేసిన తప్పుకు రుజువుగా చూపారు. ఆ లెక్క సైనికుల గురించినదే అయినా, దాని నుంచి తీసిన నిర్ణయం మళ్ళీ స్త్రీల గురించే.

ఇదే కాలంలో తెలుగునాట సంస్కరణోద్యమం బోగంమేళాలకు వ్యతిరేకంగా గొంతెత్తింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం, మచిలీపట్నంలో రఘుపతి వేంకటరత్నం నాయుడు దీనికి నాయకులు. 1862లో మచిలీపట్నంలోనే పుట్టిన వేంకటరత్నం నాయుడు అక్కడి నోబుల్ కళాశాలలో అధ్యాపకులుగా ఉంటూ సంఘశుద్ధి ఉద్యమాన్ని నడిపారు. యువకులు కూడా శీలనియమం పాటించాలని ఆ ఉద్యమం కోరింది. కంటోన్మెంటు చట్టం అడగని ప్రశ్నను, అంటే పురుషుడి బాధ్యతను, అది ముందుకు తెచ్చిందని చెప్పవచ్చు. అయినా ఆచరణలో పెళ్ళి ఊరేగింపునుంచి, సభనుంచి వెలివేతకు గురైనవారు కళావంతుల స్త్రీలే. 1927లో ముత్తులక్ష్మీరెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసీ సమర్పణ నిషేధ తీర్మానం తెచ్చిన కాలంలో వ్యాధిభయం కూడా ఆ చర్చలో ఒక వాదనగా వినిపించింది. 1947లో మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఒక దురాచారం చట్టరీత్యా ఆగడం అవసరమే. కానీ ఆ క్రమంలో ఒక వర్గం స్త్రీల పేరు రోగానికి పర్యాయపదంగా మారడం వల్ల వైద్యం కోరే ప్రతి స్త్రీ ఆ అనుమానాన్ని మోయవలసివచ్చింది.

రోగాన్ని ఒక జాతి పేరుతో పిలవడం సుఖవ్యాధులకే పరిమితం కాలేదు. సిఫిలిస్ సూక్ష్మజీవికి అతిసన్నిహితమైన ఉపజాతి వల్ల వచ్చే యాస్ వ్యాధి లైంగికంగా సంక్రమించదు. పేదరికంలో, నీటికొరతలో చర్మస్పర్శ ద్వారా ముఖ్యంగా పిల్లలకు సోకుతుంది. గోదావరి అడవుల్లో దానికి కోయరోగం అనే పేరు పడింది. ఆ వ్యాధి 2006లో దేశంలో నిర్మూలితమైనట్లు ప్రభుత్వం ప్రకటించింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ధ్రువీకరించింది. పెన్సిలిన్ సూది ఊరూరికీ వెళ్ళినప్పుడు కోయరోగం కోయలది కాదని తేలింది.

సూక్ష్మజీవి చెప్పిన సంగతి

1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సిఫిలిస్ పుండ్లలో సన్నని మరతీగ వంటి బాక్టీరియాను కనుగొన్నారు. దాని పేరు ట్రెపొనెమా పాలిడం. మరుసటి సంవత్సరమే వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చింది. 1910లో ఎర్లిక్, హాటా కనిపెట్టిన సాల్వర్సాన్ మార్కెట్టుకు వచ్చింది. 1943లో అమెరికాలో జాన్ మహోనీ పెన్సిలిన్‌తో రోగులను నయం చేశాడు. నాలుగు వందల ఏళ్ళ పాదరసం నాలుగు దశాబ్దాల్లో వెనక్కు పోయింది.

ఈ బాక్టీరియా నడవడి తెలిస్తే నింద ఎందుకు నిలబడదో తెలుస్తుంది. సోకిన తరువాత 10 నుంచి 90 రోజులలో, సగటున మూడు వారాలకు, సోకినచోట ఒక పుండు లేస్తుంది. దానికి నొప్పి ఉండదు. స్త్రీలలో లోపలి భాగాన ఉంటే కనిపించకపోవచ్చు. 3 నుంచి 6 వారాలలో మందు లేకుండానే మానిపోతుంది. పసరుమందుకూ, తాయెత్తుకూ, నకిలీ వైద్యుడి పొడికీ కీర్తి తెచ్చినది ఈ మానడమే. తరువాత ఒంటిపై, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్ళలో దద్దు వస్తుంది. అదీ దానంతట అదే తగ్గుతుంది. ఆపైన రోగం గుప్తదశలోకి వెళ్ళి ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ చూపకుండా ఉంటుంది. చికిత్స లేనివారిలో కొందరికి 10 నుంచి 30 ఏళ్ళ తరువాత గుండె, రక్తనాళాలు, మెదడు దెబ్బతింటాయి. నరాలకూ కంటికీ హాని అంతకు ముందే, ఏ దశలోనైనా కలగవచ్చు.

రక్తపరీక్ష శరీరంలో రోగం జాడ ఉందని చెప్పగలదు. అది ఎప్పుడు వచ్చిందో ఖచ్చితంగా చెప్పలేదు. ఎవరినుంచి వచ్చిందో అసలే చెప్పలేదు. ఆస్పత్రులలో దశాబ్దాలుగా వాడుతున్న వీడీఆర్ఎల్ పరీక్ష మలేరియా, కుష్ఠు వంటి జబ్బులలోనూ, కొన్నిసార్లు గర్భిణులలోనూ పొరపాటుగా పాజిటివ్ చూపవచ్చు. అందువల్ల దాన్ని టీపీహెచ్ఏ వంటి మరో పరీక్షతో నిర్ధారించుకోవాలి. ఒక కాగితం మీది ఒక్క మాట ఆధారంగా కాపురాలు కూలే సమాజంలో ఈ పరిమితి తెలియడం వైద్యుడికి ఎంత అవసరమో కుటుంబానికీ అంతే అవసరం.

చికిత్స విషయంలో సిఫిలిస్ నేటికీ లొంగే శత్రువు. ఈ బాక్టీరియా చాలా నెమ్మదిగా, సుమారు 30 గంటలకు ఒకసారి విభజన చెందుతుంది. అందుకే పెన్సిలిన్ రక్తంలో చాలా రోజులు నిలవాలి. కండరంలోకి ఇచ్చే 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ ఒక్క మోతాదు తొలిదశ రోగాన్ని నయం చేస్తుంది. ముదిరిన గుప్తదశకు వారానికి ఒకటి చొప్పున మూడు మోతాదులు కావాలి. ఇన్నేళ్ళలో ఈ సూక్ష్మజీవి పెన్సిలిన్‌కు నిరోధం పెంచుకోలేదు. పెన్సిలిన్ పడనివారికి, గర్భిణులు కానట్లయితే, డాక్సీసైక్లిన్ ఇస్తారు. అది చెందిన టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ ప్రయోగశాల నుంచి వెలువడింది. అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించినది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మందుల చరిత్రలో తెలుగువాడి చేయి ఉన్నచోటే, ఆ మందు అడగడానికి తెలుగువాడు సిగ్గుపడవలసిరావడం ఒక విషాదం.

కూడలి, లారీ, కొత్త నింద

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలువలు, తరువాత రైలుమార్గాలు బెజవాడను బందరుకన్నా పెద్ద కూడలిగా మార్చాయి. 20వ శతాబ్ది రెండో సగంలో ఆ స్థానం రహదారులకు దక్కింది. విజయవాడకు ఎగువన కృష్ణ ఒడ్డునే ఉన్న ఇబ్రహీంపట్నం దీనికి మంచి ఉదాహరణ. హైదరాబాదు నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి దిగివచ్చే 30వ నంబరు జాతీయ రహదారి అక్కడ కలుస్తాయి. 1979లో మొదటి యూనిట్ ప్రారంభమైన థర్మల్ విద్యుత్ కేంద్రం నిర్మాణానికీ, నిర్వహణకూ ఎక్కడెక్కడి శ్రామికులో వచ్చారు. ఇల్లు వదిలి నెలల తరబడి రోడ్డుమీద, షెడ్లలో గడిపే మగవారి సంఖ్య పెరిగే ఏ కూడలికైనా లైంగిక వ్యాధుల ముప్పు పొంచి ఉంటుంది. ఆ ముప్పు పుట్టేది శ్రమ విభజన నుంచి. ఊరి స్వభావం నుంచి కాదు.

దేశంలో సుఖవ్యాధుల నియంత్రణ కార్యక్రమం 1946లోనే మొదలయినా, దానికి బలం చేకూరింది ఎయిడ్స్ భయం వల్లనే. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వయోజనులలో హెచ్ఐవీ 0.97 శాతంగా తేలింది. జాతీయ సగటు 0.28 శాతం. జననాంగాలపై పుండు ఉన్నవారికి హెచ్ఐవీ సోకడం సులువు కనుక సిఫిలిస్ చికిత్స ఎయిడ్స్ నివారణలో భాగమయింది. 2003లో ఆరంభమైన ఆవాహన్ కార్యక్రమం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సెక్స్ వర్కర్లకూ, జాతీయ రహదారుల వెంట లారీ డ్రైవర్లకూ క్లినిక్‌లు నడిపింది. ప్రభుత్వాస్పత్రులలో సురక్ష క్లినిక్‌లు వచ్చాయి. చదువురాని రోగికీ, హడావుడిలో ఉన్న నర్సుకూ తికమక లేకుండా మందుల పెట్టెలకు రంగులు పెట్టారు. పుండుకు బెంజథీన్ పెన్సిలిన్ ఉన్నది తెల్లపెట్టె, పెన్సిలిన్ పడనివారికి నీలంపెట్టె. రోగి పేరు, కులం, వృత్తి అడగకుండా పుండు రంగం మీదికి రావడం ఈ రంగుల పద్ధతి సాధించిన నిశ్శబ్ద విప్లవం.

అయితే పాత అలవాటు పూర్తిగా పోలేదు. లారీ డ్రైవర్లను, సెక్స్ వర్కర్లను ప్రత్యేకంగా పరీక్షించారు కనుక లెక్కల్లో వారే కనిపించారు. లెక్కల్లో కనిపించినవారు గోడరాతల్లోనూ, సినిమా హాస్యంలోనూ రోగానికి బొమ్మలయ్యారు. పరీక్షించని బంగళాలు, కార్యాలయాలు నిర్దోషులుగా మిగిలాయి. 1868 చట్టం చేసిన పొరపాటు సదుద్దేశంతో చేసిన పనిలోనూ నీడలా వెంట వచ్చింది.

సుఖమెరుగని రోగులు

నేడు ఈ నీడ పడుతున్నది గర్భిణి మీద. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తొలి గర్భపరీక్షలోనే సిఫిలిస్ పరీక్ష చేయడం నియమం. నియమం మంచిది. చికిత్స లేని సిఫిలిస్ గర్భస్రావానికీ, మృతశిశు జననానికీ, పుట్టిన బిడ్డలో ఎముకలు, కాలేయం, కళ్ళు, చెవులు దెబ్బతినడానికీ కారణమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో 11 లక్షలమంది గర్భిణులకు సిఫిలిస్ ఉంది. దాని వల్ల 3,90,000కు పైగా ప్రసవాలు చెడు ఫలితాలకు దారితీశాయి. ప్రసవానికి కనీసం 30 రోజుల ముందు తల్లికి సరైన పెన్సిలిన్ చికిత్స అందితే బిడ్డను కాపాడవచ్చు. 2015లో క్యూబా ఈ సంక్రమణను నిర్మూలించిన మొదటి దేశంగా గుర్తింపు పొందింది. భారతదేశం కూడా ఆ లక్ష్యాన్ని స్వీకరించింది.

చిక్కు ఎక్కడంటే, దంపతులలో మొదట పరీక్ష జరిగేది భార్యకు. ఆమె గర్భవతి కనుక. భర్తకు అలాంటి సందర్భం రాదు. రోగం మొదట ఆమె కాగితం మీద కనిపిస్తుంది. కనిపించిన క్రమమే వచ్చిన క్రమంగా అత్తింటివారు అర్థం చేసుకుంటే, భర్త నుంచి సంక్రమించిన రోగానికి కూడా భార్యే సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ భయంతో ఆమె కాగితం దాచితే పోయేది బిడ్డ ప్రాణం. సుఖవ్యాధి అనే మాట అన్నిటికన్నా అన్యాయంగా వినిపించేది ఇక్కడే. ఆ తల్లి ఎరిగిన సుఖమేమిటి, కడుపులోని బిడ్డ ఎరిగిన సుఖమేమిటి? ఇద్దరినీ ఒకేసారి పిలిచి, ఒకే గోప్యతతో పరీక్షించి, ఒకేసారి చికిత్స చేయడం దీనికి విరుగుడు. భర్తకు చికిత్స లేకుండా భార్యకు చేస్తే రోగం మళ్ళీ ఆమె దగ్గరకే వస్తుంది.

చట్టభాషలోనూ ఈ పాతదనం మిగిలి ఉంది. 1954 నాటి మాయామందుల ప్రకటనల చట్టం సిఫిలిస్‌తో సహా సుఖవ్యాధులకు మందు ప్రకటనలను నిషేధించింది. గుప్తరోగ నిపుణుల గోడరాతలు మాత్రం ఆగలేదు. దాచుకోవలసిన రోగమన్న భావన ఉన్నంతకాలం లాడ్జిగదిలో కూర్చున్న నకిలీ వైద్యుడికి బేరం ఉంటుంది. 1955 హిందూ వివాహ చట్టం సంక్రమించే సుఖవ్యాధిని విడాకులకు కారణంగా పేర్కొంది. అదే జాబితాలో ఉన్న కుష్ఠువ్యాధిని, అది నయమయ్యేది కనుక, 2019లో తొలగించారు. సూదిమందుతో నయమయ్యే సిఫిలిస్‌కు ఆ తర్కం ఇంకా వర్తించలేదు.

ఉపసంహారం

కృష్ణాతీరంలో ఈ రోగం మోసిన పేర్లను వరుసగా చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. రేవుకాలంలో పరదేశి, దండుకాలంలో వేశ్య, సంస్కరణకాలంలో కళావంతురాలు, రహదారికాలంలో లారీ డ్రైవరు, నేడు గర్భిణి. సమాజం ఎవరివైపు దీపం పట్టిందో వారి ముఖమే రోగం ముఖమయింది. చీకట్లో ఉన్నవారికి రోగం లేదని ఆ దీపం ఎన్నడూ రుజువు చేయలేదు.

బాక్టీరియాకు జాతి తెలియదు, కులం తెలియదు, వృత్తి తెలియదు. పుండు నుంచి పుండుకు, తల్లి నుంచి బిడ్డకు సాగడమే దానికి తెలుసు. లైంగిక సంక్రమణ వ్యాధి అనే కొత్త పేరు నోటికి బరువుగా ఉన్నా, అందులో నింద లేదు. దారి మాత్రమే ఉంది. వచ్చిన దారి తెలిస్తే ఆపే దారీ తెలుస్తుంది. ఆరోగ్య కేంద్రం గుమ్మంలో తెల్లపెట్టె సిద్ధంగా ఉన్నప్పుడు, దాని దగ్గరకు భార్యాభర్తలిద్దరూ తలవంచుకోకుండా నడిచి రాగల భాషను తయారుచేయడం వైద్యులతో పాటు తెలుగు రాసేవారందరి బాధ్యత.